మాస్టారి మడమ

(దుమ్ముగూడెంలో పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన స్మారక సభలో ఒక వైద్యుడు చేసిన ఉపన్యాస పాఠం)



ఈ సభ కరపత్రంలో, మాకు ఇక్కడి బడిలో పాఠాలు చెప్పిన మాస్టారి పేరు లేదేమని కొందరు అడిగారు. బోర్డుల మీద తన పేరు రాయించుకోవడం ఆయనకు ఎప్పుడూ గిట్టలేదు. ఇంట్లో వాళ్లు ఆ మాటే గుర్తు చేసి, మాస్టారు అంటే చాలన్నారు. ఈ చుట్టుపక్కల మాస్టారు అంటే ఎవరో అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనూ అలాగే అంటాను.

ఆయన దగ్గర ఒక హాజరు పట్టీ ఉండేది. ప్రభుత్వం ఇచ్చింది కాదు, ఆయన సొంతానిది. ప్రభుత్వ పట్టీలో రానివాడికి సున్నా పెడితే పని అయిపోతుంది. ఈయన పట్టీలో సున్నా పక్కన ఇంకో గడి ఉండేది. అందులో ఎందుకు రాలేదో రాసేవారు. 'తునికాకుకు పోయాడు', 'తమ్ముణ్ని ఆడిస్తోంది', 'చలిజ్వరం', 'వాగు పొంగింది'. ఎండాకాలం వస్తే సగం పట్టీ తునికాకే. కట్టకు యాభై ఆకులు లెక్కపెట్టగలవాడికి ఎక్కాలు రాకపోవడం ఏమిట్రా అని నవ్వేవారు. ఆ పట్టీని మనసులో ఉంచుకోండి. చివరికి మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మాస్టారు 1991లో పోయారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. బక్కపలచటి మనిషి. చుట్ట లేదు, కల్లు లేదు. లక్ష్మీనగరం నుంచి ఏ ఊరికైనా సైకిలే. గుండెనొప్పితో పోయాడంటే ఎవరూ నమ్మలేదు. గుండెజబ్బు లావుపాటి షావుకార్లకూ నెయ్యి తినేవాళ్లకూ వస్తుందని అప్పుడు మన లెక్క. పోవడానికి రెండు వారాల ముందు ఛాతీలో పట్టేసినట్టుందని వెళితే, చూసినవాళ్లు గ్యాస్ అని మాత్రలిచ్చి పంపారు. ఆయన పోయాక ఊరు తనకు తోచినట్టు చెప్పుకుంది. దిష్టి అన్నారు కొందరు, పిల్లల కోసం ఒళ్లు హూనం చేసుకున్నాడన్నారు మరికొందరు. వాళ్ల నాన్న కూడా ఇలాగే 51 ఏళ్లకు పొలం గట్టు మీద కూలిపోయిన సంగతి అందరికీ తెలుసు. ఆ రెండు చావులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మాత్రం లేరు.

అప్పటికి నేను వరంగల్‌లో వైద్యవిద్య రెండో ఏడు. మూడో ఏడు పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ కనబడింది. మనిషి మడమ వెనక, పిక్క నుంచి దిగే తాడులాంటి కండర బంధం ఉంటుంది కదా, అది బొటనవేలంత లావై, ముడులు పడి ఉంది. కింద 'కొలెస్ట్రాల్ పేరుకున్న మడమ' అని రాసి ఉంది. పుస్తకం మూసేశాను. ఆ మడమ నాకు తెలుసు. ఏడో తరగతిలో మొదటి వరసలో నేల మీద కూర్చునేవాణ్ని. మాస్టారు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, బోర్డు వైపు తిరిగి లెక్క చేస్తుంటే నా కళ్లకు ఎదురుగా ఉండేవి ఆ మడమలే. కనురెప్పల మీద లోపలివైపు పసుపు రంగు మచ్చలు కూడా ఉండేవి. మేము వాటిని అదృష్టపు మచ్చలు అనుకునేవాళ్లం. రోగం పేరు ఏడాది పొడుగునా నా కళ్లముందే ఉంది, చదవడం నాకు రాలేదు.

ఇవాళ నేను చెప్పబోయేది అది చదవడం ఎలాగో.

రేవు, పడవ

కొలెస్ట్రాల్ విషం కాదు. అది లేకపోతే ఒంట్లో ఒక్క కణానికి గోడ నిలవదు, జీర్ణానికి పనికొచ్చే పిత్తం తయారవదు, ఆడా మగా లక్షణాలనిచ్చే రసాలు పుట్టవు. అందుకే శరీరం తిండి మీద భారం వేసి ఊరుకోలేదు. కావలసినదాంట్లో ఎక్కువ భాగాన్ని తానే తయారు చేసుకుంటుంది. ఆ పనిలో పెద్ద చెయ్యి కాలేయానిది. గుడ్డు మానేశాను, అయినా కొలెస్ట్రాల్ దిగలేదేమిటి డాక్టరు గారూ అని అడిగేవాళ్లకు మొదటి జవాబు ఇదే: పొయ్యి మీ వంటింట్లో ఒక్కటే లేదు, ఒంట్లోనూ ఒకటి ఉంది.

కొవ్వు నీళ్లలో కలవదు, రక్తం నీళ్లలాంటిదే. కాబట్టి కొలెస్ట్రాల్ రక్తంలో పడవెక్కి తిరగాలి. ఎల్‌డీఎల్ అని రిపోర్టులో రాసేది ఆ పడవ పేరే. సరుకు దించాక మిగిలిన పడవలు కాలేయం చేరి, రేవుకు తగిలి, లోపలికి పోవాలి. కాలేయం గట్టు మీద అలాంటి రేవులు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిని కనిపెట్టినవాళ్లు అమెరికాలోని డల్లాస్‌లో పనిచేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. 1970ల మొదట్లో కనిపెట్టారు, 1985లో నోబెల్ అందుకున్నారు.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు రేవు సంగతి నేను చెప్పాలా? ఒకప్పుడు కాటన్ దొర కాలంలో ఈ నది మీద ఎగువకు పడవలు నడపాలని కలగన్నారు. రాళ్లు అడ్డం వచ్చిన చోట ఆనకట్ట, పక్కనే కాలవ, లాకులు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ కలలోని మొదటి మెట్టు. పై మెట్లు పూర్తి కాకుండానే పని ఆగిపోయింది. నదిలో నీళ్లున్నాయి, పడవలున్నాయి, దాటే దారి లేదు. మాస్టారి ఒంట్లో జరిగింది సరిగ్గా అదే. ఆయన పుట్టుకతోనే సగం రేవులు లేకుండా పుట్టారు. పడవలు నిలవడానికి చోటు లేక రక్తంలో తిరిగి తిరిగి, చివరికి ఒడ్డుకు కొట్టుకున్నాయి. ఆ ఒడ్డు గుండెకు రక్తం మోసే నాళాల గోడ. మడమలో, కనురెప్పలో చిక్కుకున్నవి కూడా ఆ పడవలే.

దీన్ని వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ అంటాం. మడమల్లో గడ్డలూ, అకాల గుండెజబ్బూ ఒకే ఇంట్లో వరసగా వస్తాయని 1938లో నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ రాశాడు. ప్రపంచంలో సుమారు 250 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుందని ఇప్పటి అంచనా. ఇది మగపిల్లలకో, పెద్ద కొడుకుకో, పాపం చేసినవాళ్లకో పరిమితం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఏ మందూ వాడకపోతే ఈ లోపం ఉన్న మగవాళ్లలో ఇంచుమించు సగం మందికి 50 ఏళ్లలోపు, ఆడవాళ్లలో దాదాపు మూడో వంతుకు 60 ఏళ్లలోపు గుండెజబ్బు బయటపడుతుంది.

ఈ లోపాన్ని వరదతో పోల్చి చూడండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు మన పిల్లలకూ నోటికి వచ్చు. అయితే గట్టును తినేసేది ఎత్తు ఒక్కటే కాదని కూడా మనకు తెలుసు. ఒక్క రాత్రి 50 అడుగులు వచ్చి దిగిన నీళ్ల కన్నా, పదిరోజులు 45 అడుగుల దగ్గర నిలిచిన నీళ్లు గట్టుకు ఎక్కువ చేటు చేస్తాయి. రక్తనాళం గోడకూ అదే లెక్క. తిండివల్లో, బొజ్జవల్లో నలభై దాటాక కొలెస్ట్రాల్ పెరిగినవాడికి వరద నిన్న మొన్న మొదలైంది. మాస్టారికి పుట్టిన రోజునే మొదలైంది. ఆయన బడికి వచ్చి మాకు లెక్కలు చెబుతున్న అన్నేళ్లూ గోడ లోలోపల నానుతూనే ఉంది.

మూడు తరాల లెక్క

ఇక్కడ ఒక చిక్కుంది. మాస్టారి తాత కోస్తా నుంచి వచ్చి ఈ ఒడ్డున స్థిరపడ్డవాడు. అడవి కలపను తెప్పలు కట్టి రాజమండ్రికి దించేవాడు. ఆయన 78 ఏళ్లు బతికాడు. ఇంట్లో దొరికిన ఒక పాత ఫొటోలో పంచె పైకి కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆ మడమలూ లావే. లోపం ఆయన నుంచే దిగి ఉంటుందని నా ఊహ. తాతకు 78, కొడుకుకు 51, మనవడికి 43. ఒకే లోపం అయితే ఆయుష్షు తరతరానికీ ఎందుకు తగ్గింది?

ఒక ఇంటి కథతో శాస్త్రం నడవదు. కానీ ఇదే ప్రశ్నను హాలెండులో పెద్ద ఎత్తున అడిగారు. ఈ లోపం ఉన్న ఒక కుటుంబాన్ని తీసుకుని, చర్చి రికార్డులూ మునిసిపల్ రికార్డులూ వెతికి, రెండు వందల ఏళ్ల వంశవృక్షం గీశారు. ఆ పరిశోధన 2001లో అచ్చయింది. 19వ శతాబ్దంలో ఆ జన్యువు మోసినవాళ్లు తక్కినవాళ్లకన్నా ముందు చావలేదు. 1915 తర్వాత వాళ్ల చావులు పెరిగాయి, శతాబ్దం నడుమ తారస్థాయికి చేరాయి, తర్వాత మళ్లీ తగ్గాయి. జన్యువు అదే జన్యువు. మారింది చుట్టూ ఉన్న బతుకు. అలాగే చైనాలో ఉన్న చైనీయుల్నీ, కెనడాకు వలసపోయిన చైనీయుల్నీ పోల్చినప్పుడు, ఒకే లోపం ఉన్నా స్వదేశంలో ఉన్నవాళ్లకు కొలెస్ట్రాల్ తక్కువగా ఉంది, మడమ గడ్డలు కనబడలేదు.

కాబట్టి వంశమా, తిండా అని పందెం వేసుకుని కూర్చోవడం దండగ. విత్తనం వంశానిది, దాన్ని మొలిపించే తడి బతుకుది. తాత రోజుకు ఎన్ని కోసులు నడిచేవాడో, తెప్ప మీద ఎంత చెమట కక్కేవాడో మనకు తెలుసు. మనవడు నెల జీతం వచ్చాక రెండు పూటలా తెల్లన్నం తిన్నాడు, కుర్చీలో కూర్చున్నాడు. సైకిలు తొక్కేవాడే, కానీ తాత బతుకుతో పోలిస్తే అది ఎంత? సగం రేవులు లేనివాడి మీద అదనంగా పడే ప్రతి పడవా భారమే.

పళ్లెంలో ఏం మారింది

అడవిని తలుచుకున్నప్పుడల్లా పూర్వం అంతా అమృతమే తిన్నామని చెప్పుకోవడం మనకు అలవాటు. నేను ఆ మాట అనను. ఇప్పనూనెనే చూడండి. కోయ ఇళ్లలో ఇప్పగింజల నుంచి తీసిన నూనెతో వండుకునేవారు. చలికాలంలో అది గడ్డకడుతుంది. గడ్డకట్టే నూనె అంటే గట్టి కొవ్వు ఎక్కువున్న నూనె. అయినా దాన్ని కొంచెమే వాడేవారు, ఎందుకంటే ఏడాదికి సరిపడా ఇప్పగింజలు ఏరడం, ఎండబెట్టడం, ఆడించడం ఎంత కష్టమో నూనె చుక్క అంత అపురూపం. పొద్దున జావ, మధ్యాహ్నం జొన్నకూడో కొర్రబియ్యమో, దానికి చింతపండు పులుసు, ఆకుకూర, వానాకాలంలో వెదురు కొమ్ములు, దొరికిన రోజు చేప. మాంసం పండగకే. కొరత అప్పటి వాళ్లను కాపాడిన మాట నిజమే, కాని అదే కొరత పసిపిల్లల్ని, బాలింతల్ని ఎంతమందిని తీసుకుపోయిందో మరచిపోకూడదు. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది వచ్చిన రోజు ఈ ఊళ్లో చాలా కడుపులు మొదటిసారి నిండాయి. దాన్ని తప్పుపట్టే అర్హత కడుపు నిండినవాడికి లేదు. కానీ జొన్న, కొర్ర, రాగి మెల్లగా పొలంలోంచి పోయాయి, పళ్లెంలోంచీ పోయాయి. మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యం, దానిమీద పప్పుచారు, పక్కన పచ్చడి. మిగిలిన పిండిపదార్థం కాలేయంలో కొవ్వుగా మారుతుంది. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు అని రాసేది అదే. అది పెరిగిన చోట మంచిదని చెప్పుకునే హెచ్‌డీఎల్ దిగిపోతుంది.

మన దేశంలో జబ్బు ముఖ్యంగా ఈ రూపంలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా 1,13,043 మందిని పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాల్లో 81.2 శాతం మందికి రక్తంలోని కొవ్వుల లెక్క ఏదో ఒకటి తప్పి ఉంది. వందలో 39 మందికి పైగా బొజ్జ. ఇది మాస్టారి జబ్బు కాదు. ఇది బియ్యం, కూర్చోవడం, బైకు, నిద్రలేమి, పొగాకు కలిసి తెచ్చిన జబ్బు. మొదటిదాన్ని తిండితో దించగలిగేది కొంతే. రెండోదాన్ని తిండితో, నడకతో చాలావరకు దించవచ్చు. రెండింటినీ ఒకే పేరుతో కొలెస్ట్రాల్ అని పిలిచి, ఒకే సలహా ఇచ్చి పంపడం దగ్గరే మన పొరపాటంతా ఉంది.

నూనె సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని పెద్ద అక్షరాలు ఉంటాయి. ఏ చెట్టు నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. గోదావరి నీళ్లలో ఉప్పు లేదని డబ్బా కొట్టుకోవడం లాంటిది అది. చూడాల్సింది గట్టి కొవ్వు ఎంత అని. పామాయిల్‌లో దాదాపు సగం అదే. మన జిల్లాలోనే అశ్వారావుపేట చుట్టూ ఆయిల్‌పామ్ తోటలు, మిల్లులు ఉన్నాయి. రైతుకు అది డబ్బు, నేను కాదనను. కానీ బజ్జీల బండి మీద మళ్లీ మళ్లీ కాగే నూనె, బేకరీ పఫ్‌లో ఉండే కొవ్వు కాలేయానికి ఒక్క పని నేర్పుతాయి: ఉన్న రేవుల్లో కొన్నిటిని మూసెయ్యడం. తిండిలోని కొలెస్ట్రాల్‌కన్నా ఈ గట్టి కొవ్వే ఎల్‌డీఎల్‌ను ఎక్కువ పెంచుతుంది. రేవులు సగమే ఉన్నవాడికి ఇంకొన్ని మూసుకుపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పొగాకు సంగతి వేరు. చుట్టయినా, బీడీ అయినా, నోట్లో దట్టించే పొట్లమైనా అది నాళం గోడనే గీకి గరుకు చేస్తుంది. గరుకైన చోట పడవలు తొందరగా తట్టుకుంటాయి. ఊరంతా తునికాకు కోసి అమ్ముకోవచ్చు, ఆ ఆకులో చుట్టినదాన్ని తాగనక్కర్లేదు.

బూజు పట్టిన బియ్యం

మాస్టారి జబ్బుకు మందు కూడా బియ్యం దగ్గరే దొరికింది. జపాన్‌లో అకిటా అనే పల్లె ప్రాంతంలో రైతు ఇంట పుట్టిన అకిరా ఎండో, చిన్నప్పటి నుంచి పుట్టగొడుగుల మీద మోజు పెంచుకున్నాడు. మన పిల్లలు వానపడగానే పుట్టల చుట్టూ తిరిగినట్టే. శాస్త్రవేత్త అయ్యాక ఆరువేలకు పైగా బూజులను పరీక్షించాడు. శత్రువుల నుంచి కాపాడుకోవడానికి ఏదో ఒక బూజు కొలెస్ట్రాల్ తయారీని ఆపే రసం పుట్టిస్తుందని ఆయన నమ్మకం. 1973లో అది దొరికింది, క్యోటోలోని ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యానికి పట్టిన నీలిబూజులో. 1978లో ఒసాకాలో ఆ మందును మొదట వాడిన రోగి ఈ వంశ లోపమే తీవ్రంగా ఉన్న 18 ఏళ్ల అమ్మాయి. ఆ మందు కోవకు చెందినవే నేటి స్టాటిన్లు.

స్టాటిన్ ఏం చేస్తుంది? కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అణచిపెడుతుంది. లోపల సరుకు తగ్గేసరికి కాలేయం బయటి నుంచి తెచ్చుకోవడానికి కొత్త రేవులు కడుతుంది. మాస్టారి లాంటివాళ్లలో బాగున్న జన్యువు ఒకటి మిగిలి ఉంటుంది కదా, దాని చేత ఎక్కువ పని చేయిస్తుంది. నార్డిక్ దేశాల్లో 4,444 మంది గుండెరోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. మందు వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. మాస్టారు పోయి అప్పటికి మూడేళ్లు. ఆయన కాలానికి ఈ మందు మన పల్లెలదాకా రాలేదు. ఇప్పుడు అటోర్వాస్టాటిన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది, జనరిక్ దుకాణంలో చవకగా దొరుకుతుంది.

అయినా నెల వాడి ఆపేస్తారు. రిపోర్టులో అంకె దిగింది కదా, ఇంకెందుకంటారు. ఆనకట్ట తలుపులు తెరిస్తే నీళ్లు దిగాయి, ఇక చాలని తలుపులు మళ్లీ మూసేసినట్టు ఉంటుంది అది. కండరాలు నొప్పెడితే డాక్టరుకు చెప్పాలి, మోతాదో మందో మారుస్తారు. గర్భం కోరుకునే ఆడవాళ్లు ముందే చెప్పాలి. రక్తం కడిగేస్తామని జాతరలో అమ్మే పొడి వేసుకుని, ఈ మాత్ర మానేస్తే మాత్రం నేను ఏం చెయ్యగలను?

మేనరికం

అక్కలకు, అమ్మలకు ఇంకో మాట. మన ప్రాంతంలో కోయలకూ, కోయేతరులకూ కలిసే ఆచారం ఒకటుంది, మేనరికం. పిఠాపురంలో పుట్టి, ప్రఖ్యాత శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చదువుకున్న ద్రోణంరాజు కృష్ణారావు 1960ల మొదట్లోనే ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గర సంబంధాల పెళ్లిళ్లు లెక్కగట్టి పరిశోధన అచ్చువేశారు. మేనరికాన్ని తిట్టడానికి నేను రాలేదు. ఆస్తి చెదరకుండా, పిల్ల కళ్లెదుట ఉండేలా పెద్దలు చేసుకున్న ఏర్పాటు అది. అయితే తాతకు ఈ లోపం ఉంటే, ఆయన కొడుకు కూతురికీ కూతురు కొడుకుకీ ఇద్దరికీ దిగి ఉండవచ్చు. ఆ ఇద్దరికీ పెళ్లయితే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం రెండు వైపుల లోపమూ కలిసి రావడానికి. అప్పుడు రేవులు సగం కాదు, దాదాపు లేనట్టే. చిన్నప్పుడే మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపు గడ్డలు లేస్తాయి. ఎల్‌డీఎల్ 500 దాటుతుంది. చికిత్స లేకపోతే ఇరవై నిండకముందే గుండె ఆగే ప్రమాదం ఉంది.

వంశాన్ని ముందే తెలుసుకుంటే ప్రాణం నిలబడుతుందనడానికి మన తెలుగువాళ్లలోనే నిదర్శనం ఉంది. వైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్‌లో మత్తుతోపాటు కండరాలను సడలించే ఒక రకం మందు ఇస్తే, ఆపరేషన్ అయ్యాక ఎంతకీ కండరాలు కదలవు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తరాల పాటు ఆ వర్గంలోనే పెళ్లిళ్లు జరగడంవల్ల దిగిన జన్యు లోపం అది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ దారిలో చాలా పని చేశారు. ఇప్పుడు తెలిసిన మత్తు వైద్యులు ముందే అడిగి మందు మార్చుకుంటారు. వంశం మారలేదు, అడగడం మారింది.

సున్నా పక్కన గడి

మనకు వంశం గుర్తుపెట్టుకోవడం చేతకాక కాదు. కోయల్లో పిల్లాణ్ని అడిగినా తన వంశం మూడో గట్టో, ఐదో గట్టో చెబుతాడు. గట్టు చూడకుండా పెళ్లి జరగదు. నది అవతల మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ కోయ వంశాల కథలను రాత్రంతా నోటికి పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. తక్కినవాళ్లం ఇంటిపేరు, గోత్రం ఏడు తరాలదాకా తవ్వుతాం. పెళ్లి చూపుల్లో అన్నీ అడుగుతాం, మీ నాన్నగారు ఏ వయసులో, దేనితో పోయారని మాత్రం అడగం. అడిగితే అశుభం.

గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఒకసారి ఆ అశుభాన్ని ధైర్యంగా అడిగారు. 2003, 2004 సంవత్సరాల్లో ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇంటికల్లా వెళ్లి, ఎలా పోయారు, నొప్పి ఎక్కడ వచ్చింది, ఎంతసేపు అని కూర్చుని రాసుకున్నారు. 1,354 చావులు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెలో చావంటే జ్వరం, విరేచనాలు అనుకున్న పట్నపు లెక్కలు ఆ ఒక్క ప్రశ్నతో తారుమారయ్యాయి.

ఇప్పుడు అదే ప్రశ్న మన గుమ్మం దగ్గరికే వస్తోంది. ఆశా కార్యకర్త ముప్పై దాటిన ప్రతివాళ్ల దగ్గరికీ ఒక ఫారం పట్టుకొస్తుంది. పొగాకు తాగుతారా, కల్లు తాగుతారా, నడుం చుట్టుకొలత ఎంత, ఎంత నడుస్తారు. ఆ వరసలోనే ఇంకో ప్రశ్న: తల్లిదండ్రులకు గానీ, తోబుట్టువులకు గానీ బీపీ, షుగరు, గుండెజబ్బు ఉందా? మనం పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే లేదమ్మా అనేస్తాం. ఆమెకు ఇంకా ఇరవై ఇళ్లున్నాయి, లేదు అని గీత కొట్టి పోతుంది. మాస్టారింటికి ఈ ఫారం వెళ్లి ఉంటే, పొలం గట్టు మీద కూలిపోయిన నాన్నను లెక్కలోకి తీసుకుని ఉంటే, ఫారంలోని ముప్పు లెక్కకు రెండు మార్కులు పడేవి. ఎవరో ఒకరు ఆయన మడమ వైపు చూసేవారు.

నేను 1995లో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మాస్టారింటికి వెళ్లి ఇద్దరు పిల్లల రక్తం తీసుకెళ్లాను. అబ్బాయి ఎల్‌డీఎల్ 96. అమ్మాయిది 240. అమ్మగారు అడిగిన మొదటి మాట ఇప్పటికీ నాకు గుర్తు. 'నేనేం తప్పు వండాను బాబూ?' తప్పు వంటది కాదని ఒప్పించడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. కొలెస్ట్రాల్ పేరుతో ఇల్లాలి చేతివంటను నిందించే ప్రతి ఇంట్లోనూ ఆ సాయంత్రం గుర్తొస్తుంది. అమ్మాయికి ఇప్పుడు మాస్టారి కన్నా వయసు ఎక్కువ. ఆమె పిల్లలిద్దరికీ పదేళ్లు నిండకముందే పరీక్ష చేయించింది. ఈ మాటలు చెప్పమని నాకు అనుమతి ఇచ్చింది కూడా తనే.

ఇక నేను కోరేది కొంచెమే. ఎల్‌డీఎల్ 190 దాటినా, ఇంట్లో 55 ఏళ్లలోపు మగవాళ్లో 60 ఏళ్లలోపు ఆడవాళ్లో గుండెనొప్పితో పోయినా, అది ఆ ఒక్కరి జబ్బు అనుకోకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, అందరి రక్తమూ చూపించండి. లైపోప్రొటీన్ ఏ అని ఇంకో పరీక్ష ఉంది, అదీ వంశం మోసుకొచ్చేదే. ఇలాంటి కుటుంబాలవాళ్లు జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. లోపం లేదని తేలినవాళ్లు పళ్లెంలో సగం కూరతో, జొన్నతో, రాగితో నింపుకుని, నడక మానకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. ఉందని తేలినవాళ్లు ఆ పనీ చెయ్యాలి, మాత్రా వెయ్యాలి.

దానికి ముందు ఇవాళ రాత్రి ఒక పని. పిల్లల పాత నోటుపుస్తకంలో ఒక పేజీ తీయండి. ఇంట్లో ముసలమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. తాత, నాయనమ్మ, అమ్మమ్మ, పెదనాన్న, మేనత్త, లేనివాళ్ల పేర్లన్నీ రాయండి. ప్రతి పేరు పక్కన వయసు రాయండి. ఆ పక్కన ఇంకో గడి గీసి, ఎందుకు రాలేదో రాయండి.

మాస్టారి పట్టీలో ఖాళీగా మిగిలిన గడి ఒక్కటే. దాన్ని మనం నింపుదాం.